వాగుడుకాయ, వసపిట్ట, సోది, సుత్తి: అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

డబ్బింగ్_డైలాగ్
డబ్బింగ్ స్క్రిప్టులు, సబ్‌టైటిళ్లు చూస్తుంటే చిరాకొస్తోంది. పాత్ర కాస్త ఎక్కువ మాట్లాడితే చాలు, "వాగుడుకాయ" అని పడేస్తున్నారు. ఆరేళ్ల పిల్లా వాగుడుకాయే, మైకు వదలని మేనేజరూ వాగుడుకాయే, ముసలి మాస్టారూ వాగుడుకాయే. కొంచెం చదువుకున్న రచయిత అయితే "వాచాలుడు" అంటాడు, అది ఇంకా ఘోరం. నోరు తెరిచి ఆ మాట ఎవరంటారు?

ఒక స్క్రిప్టులో నలుగురున్నారు, నలుగురికీ వేరే మాటలు కావాలి.
అ) ఆరేళ్ల పిల్ల. ప్రశ్న మీద ప్రశ్న. అందరికీ ముద్దే.
ఆ) రిటైరైన లెక్కల మాస్టారు. చెప్పేదంతా నిజమే, తెలిసి చెప్పేదే. మొదలుపెడితే ఆగరు.
ఇ) ఆఫీసులో ఒకడు. చెప్పిందే చెప్తాడు.
ఈ) సొంత గొప్పలు తప్ప ఇంకోటి తెలియని బావగారు.
నోటి కదలికకి కూడా సరిపోవాలి, అది మర్చిపోవద్దు.

ఊకొట్టేవాడు
ఈ) కి వెతుక్కోనక్కర్లేదు. కోతలరాయుడు. తర్వాతి ప్రశ్న.

పొంకనాల_పోరి
మా దిక్కు అయితే "పొంకనాలు కొడ్తుండు" అంటరు. గప్పాలు కూడా నడుస్తది. కోతలరాయుడు సినిమా పోస్టరు లెక్క ఉంది, ఇంట్ల ఎవరంటరు?

నిఘంటుపురుగు
"ఎక్కువ" అన్న మాట పక్కన పెట్టండి, చిక్కంతా దాంతోనే. మన మాటలేవీ ఎంత మాట్లాడాడో కొలవవు. ఎక్కడ తేడా కొట్టిందో చెప్తాయి.

వాగడం: విలువలేని మాట. రెండే ముక్కలన్నా "ఏంట్రా ఆ వాగుడు" అనొచ్చు, నిడివితో పనిలేదు.
వదరడం: అదుపులేని మాట. అనకూడనిది అనేయడం కూడా దాన్లోనే ఉంది.
సోది: వినేవాడికి అక్కర్లేని మాట. చెప్పేవాడికి అది ప్రాణసమానం కావచ్చు, వినేవాడికి మాత్రం అనవసరం.
నస: అడిగిందే అడిగి, సణిగి సణిగి ఒప్పించే ప్రయత్నం. నసలో ఎప్పుడూ ఒక కోరికో ఫిర్యాదో ఉంటుంది. సోదిలో ఉండదు.
ఊకదంపుడు: ధాన్యం దంచితే ఊక పోయి బియ్యం వస్తుంది, ఇంకా దంచితే తవుడు రాలుతుంది. ఆ పోయిన ఊకని మళ్లీ రోట్లో పోసి దంచితే రోకలి చప్పుడు అదే, చెమటా అంతే, గింజ మాత్రం రాదు. అందుకే ఈ మాట ఉపన్యాసాలకే అతుకుతుంది. ఇద్దరు కూర్చుని చెప్పుకునే కబుర్లని ఊకదంపుడు అనం.
పిచ్చాపాటీ, బాతాఖానీ, ముచ్చట్లు, కబుర్లు: వీటిలో తప్పే లేదు. ఇద్దరికీ ఇష్టమై మాట్లాడుకునేవి. ఇద్దరిలో ఒకరికి ఇష్టం పోయిన క్షణం నుంచి అదే సంభాషణ సోది అయిపోతుంది.

ముందు మీ పాత్రల్లో ఎవరి తప్పేంటో తేల్చుకోండి, మాట దానంతటదే వస్తుంది. మొదటి పిల్లకి అసలు తప్పే లేదు, అందుకే వాగుడుకాయ అక్కడ పొసగలేదు.

గోదారి_గట్టు
నిఘంటుపురుగు గారూ, వాగుడుకాయ అంత కటువేం కాదండీ. "ఒట్టి వాగుడుకాయ మా బుజ్జిది" అని తల్లులు మురిపెంగా అంటారు. చివర ఆ "కాయ" ఉంది చూశారా, అది తిట్టులో కారం తగ్గిస్తుంది. "వాగుతోంది" అంటే కోపం, "వాగుడుకాయ" అంటే సగం ముద్దు.

నిఘంటుపురుగు
సొంతపిల్లని అంటే ముద్దు. పక్కింటి పిల్లని అని చూడండి, ఏమవుతుందో.

గోదారి_గట్టు
ఒప్పుకున్నా 😄

వ్యాకరణం_వెంకట్
వాచాలుడి మీద డబ్బింగ్ గారి కోపం న్యాయమే కానీ, ఆ మాటకి కథ ఉంది. పాణిని వరసగా రెండు సూత్రాలు పెట్టాడు. 5.2.124 "వాచో గ్మినిః", దాంతో వాగ్మి వస్తుంది. వెంటనే 5.2.125 "ఆలజాటచౌ బహుభాషిణి", దాంతో వాచాలుడు, వాచాటుడు. ఈ రెండోది నిందలోనే వాడాలని వార్తికం (సూత్రానికి తర్వాత చేర్చిన వివరణ) కూడా ఉంది. అంటే ఎంతసేపు మాట్లాడినా బాగా మాట్లాడితే వాగ్మి, చెత్త మాట్లాడితే వాచాలుడు. అమరకోశం ఇంకో మెట్టు కలిపింది: వాగ్మి, తర్వాత వావదూకుడు (అతిగా మాట్లాడేవాడు, నింద లేదు), తర్వాత జల్పాకుడు, వాచాలుడు, వాచాటుడు (అతిగా, పైగా నిందించదగ్గట్టు).

లెక్కల మాస్టారికి సరిగ్గా సరిపోయే మాట వావదూకుడు. డైలాగులో పెట్టలేరు, అది వేరే బాధ.

ఊకొట్టేవాడు
"మా మాస్టారు గొప్ప వావదూకుడు" అంటే ఏదో జంతువు అనుకుంటారు.

శ్లోకం_సుబ్బు
వెంకట్ గారూ, వాచాలానికి నింద తప్పనిసరి అంటే "మూకం కరోతి వాచాలం, పంగుం లంఘయతే గిరిమ్" సంగతేంటి? మూగవాణ్ని వదరుబోతుగా మార్చమని ఎవరూ దేవుణ్ని మొక్కరు కదా. అక్కడ చక్కగా మాట్లాడేవాడనే అర్థం.

వ్యాకరణం_వెంకట్
మంచి పట్టు పట్టారు. మూక శబ్దానికి ఎదురుగా నిలబెట్టారు కాబట్టి అక్కడ "ధారాళంగా మాట్లాడేవాడు" వరకే అర్థం. వార్తికం చెప్పింది సామాన్య వాడుక, స్తోత్రం దాన్ని దాటింది. తెలుగులోకి మాత్రం నింద అర్థమే దిగింది. "వాచాలత మాను" అన్నప్పుడు ఎవరూ పొగడ్తగా తీసుకోరు.

సీమ_సందు
వదరుబోతు ఎవరూ వాడరనుకుంటుండారు గానీ మా పక్క వదరడం ఇంకా బతికే ఉంది. "ఊరికే వదరొద్దు" అంటాం. వాగుడు కన్నా ఒక మెట్టు గట్టిది. వాగేవాడు సమయం తింటాడు, వదరేవాడు తగాదా తెస్తాడు.

ఇంకోటి, "బోతు" ఎందుకు, "పోతు" ఎందుకు కాదు? తిండిపోతు, పిరికిపోతు అంటాం. తాగుబోతు, తిరుగుబోతు, వదరుబోతు అంటాం.

వ్యాకరణం_వెంకట్
మీ ఉదాహరణల్లోనే జవాబుంది. ముందున్నది తాగు, తిరుగు, వదరు లాంటి క్రియ అయితే "బోతు". తిండి, పిరికి, నిద్ర లాంటి నామం అయితే "పోతు". పోతు అంటే మగ పశువు (దున్నపోతు, మేకపోతు), తర్వాత అలవాటు ముదిరినవాడు అనే ప్రత్యయంగా స్థిరపడింది. ఇప్పుడు ఆడామగా తేడా లేదు, "ఆవిడ తిండిపోతు" అంటే ఎవరికీ ఎబ్బెట్టు అనిపించదు.

శ్లోకం_సుబ్బు
ఎనుబోతు? ఎనుము నామమే.

వ్యాకరణం_వెంకట్
అది పాత సమాసం. ఎనుములో "ము" పోయి సంధి కార్యం జరిగింది. అలవాటుని చెప్పే మాటల వరకే నేనన్నది. మీరు నన్ను వదలరా 🙂

మౌనమే_మేలు
ఇది చదువుతుంటే ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో అర్థమవుతోంది.

పొంకనాల_పోరి
😂😂 ఆరేళ్ల పిల్లకి "వసపిట్ట" రాయుండ్రి, పంచాయితీ ఖతం.

ఆయుర్వేదం_అక్క
వసపిట్టే సరైంది. వస అంటే బురదనేలల్లో పెరిగే మొక్క, శాస్త్రీయనామం ఎకోరస్ కలామస్. దాని దుంపని వసకొమ్ము అంటారు. సాన మీద తల్లిపాలతో అరగదీసి నాలుక్కి రాస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. అందుకే ఆపకుండా మాట్లాడే పిల్లని చూసి "దీనికి వస ఎక్కువ పోశార్రా" అంటారు. వసపిట్ట పిల్లలకీ, పడుచువాళ్లకీ వాడే మాట. యాభైఏళ్లాయన్ని వసపిట్ట అంటే వెక్కిరింపే.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, జాతీయం వరకే ఉంచండి, పసిపిల్లలకి నిజంగా పెట్టొద్దు. వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద పరీక్షల్లో కణితులు రావడంతో అమెరికాలో ఆహార పదార్థాల్లో వసని 1968లో నిషేధించారు. పసివాళ్లకి ఎక్కువైతే వాంతులు పట్టుకుంటాయి. మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. వినపడకపోతే వస కాదు కదా, ఏం పోసినా మాట రాదు.

డబ్బింగ్_డైలాగ్
వసపిట్ట ఖాయం. నాలుగు అక్షరాలు, "పి" దగ్గర పెదాలు మూసుకుంటాయి, మూలంలో కూడా సరిగ్గా అక్కడే మూసుకుంటున్నాయి. అక్కగారికి దండం.

తెలియనివాళ్ల కోసం: క్లోజప్‌లో ప, ఫ, బ, భ, మ ఈ అయిదింటినీ చూసుకోవాలి, ప్రేక్షకుడు పట్టేసేది వాటినే. తెరమీద పెదాలు మూసుకున్నచోట వీటిలో ఒకటి పడాలి, మూసుకోనిచోట పడకూడదు. వాగుడుకాయలో ఇవేవీ లేవు, పెదాలు మూయని షాటుకైతే హాయి. బహుశా అందుకే అందరూ దాన్నే వాడేస్తున్నారేమో! అధికప్రసంగిలో ఒక్క "ప్ర". అందులో సున్న "గి" ముందుంది కాబట్టి గొంతులో పలుకుతుంది, పెదాలతో పనిలేదు.

నిఘంటుపురుగు
అధికప్రసంగి అన్నారు కాబట్టి ఒక్క మాట. దాన్ని ఎక్కువ మాట్లాడేవాడికి వాడితే తప్పు. పేరులో "అధిక" ఉన్నా అది నిడివి గురించి కాదు, స్థానం గురించి. పెద్దలు మాట్లాడుతుంటే చిన్నవాడు ఒక్క వాక్యం మధ్యలో అన్నా అధికప్రసంగమే. పైవాడు కిందివాణ్ని అంటాడు. గుమస్తా ఆఫీసర్ని మొహమ్మీద "అధికప్రసంగి" అనలేడు, వెనకాల అన్నా అతకదు. సీరియళ్లలో కోడలు అత్తగారిని అధికప్రసంగి అనడం విన్నాను, చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుంది.

చెవిలో_జోరీగ
మాస్టారి సంగతి ఎవరూ తేల్చలేదు.

నిఘంటుపురుగు
తేలదు, ఎందుకంటే మీరు నామవాచకం వెతుకుతున్నారు. గౌరవించాల్సిన మనిషికి తెలుగులో బిరుదు తగిలించరు, వాక్యం వాడతారు. చిన్న పరీక్ష చేయండి. మాట పక్కన "గారు" పెట్టండి: వాగుడుకాయ గారు, వదరుబోతు గారు, సోది గారు. అన్నీ వెటకారమే. క్రియల్లోనూ అంతే. "వాడు వాగుతాడు" సహజం. "ఆయన వాగుతారు" అంటే నోరు తడబడుతుంది, ఎందుకంటే వాగు తిడుతోంది, "రు" మర్యాద ఇస్తోంది.

మాస్టారికి ఇవి చూడండి: "ఆయన్ని కదిపితే చాలు", "మొదలెట్టారంటే పొద్దు తెలీదు", "మాటలో మాట వస్తుంది ఆయనకి". కొంచెం చురక కావాలంటే "మాస్టారు సెలవిస్తున్నారు". ఇంకొంచెం కావాలంటే "పురాణం విప్పారు".

గోదారి_గట్టు
"కొండవీటి చాంతాడు" కూడా ఉందండీ. కొండవీడు కోట మీద బావులు లోతు, నీళ్లు తోడాలంటే తాడు పొడుగ్గా ఉండాలి కదా, దాన్నుంచి వచ్చిందంటారు. మనిషిని అనక్కర్లేదు, "మాస్టారి జవాబు కొండవీటి చాంతాడు" అంటే సరి. గౌరవమూ పోదు, సంగతీ తెలుస్తుంది.

శ్లోకం_సుబ్బు
మాటకారి?

నిఘంటుపురుగు
కాదు. మాటకారి మాటతో పని చేయించుకునేవాడు. ఇంట్లోకి అమ్మడానికి వచ్చి మన చేత కొనిపించి వెళ్లేవాడు. రెండు నిమిషాల్లో పని ముగించేవాడూ మాటకారే. మాటలపోగు అంటే దానికి ఎదురు, మాటలు గుట్టపడి ఉంటాయి, పని మాత్రం జరగదు.

అనుకరణ_శబ్దం
ఇంత చర్చ జరిగింది, లొడలొడ సంగతి ఎవరూ ఎత్తలేదు! డైలాగులో చప్పుడు మాటలు చాలా పని చేస్తాయి.

గలగల: గాజులు, సెలయేరు. మాట్లాడేవాళ్లు నచ్చితేనే గలగల. 
గడగడ: తడుముకోకపోవడం. పద్యం గడగడా అప్పజెప్పాడు. ఇది ధారకి మెచ్చుకోలు, నిడివికి నింద కాదు.
టకటక: అడిగిందానికి వెంటవెంటనే జవాబు. నిజానికి తక్కువ మాట్లాడేవాళ్లకి వాడతారు.
లొడలొడ: బిగువు లేకపోవడం. చొక్కా వదులైతే లొడలొడలాడుతోంది అంటాం. మాటకీ అదే, ఒకదానికొకటి అతుకులేని మాటలు.
గొణగొణ, సణసణ: ఎదుటివాడికి సగమే వినపడాలని అనేవి. 

ఒకే మనిషి గురించి ఒక పాత్ర "గలగలా మాట్లాడుతుంది" అని, ఇంకో పాత్ర "లొడలొడా వాగుతుంది" అని అంటే, ఆ రెండు పాత్రలకీ ఆవిడ మీద ఏముందో వేరే డైలాగు రాయకుండానే తెలిసిపోతుంది.

ఊకొట్టేవాడు
ఆవిడ అనే ఎందుకొచ్చింది? ఆడవాళ్లే కదా ఎక్కువ మాట్లాడేది 😜

లెక్క_పక్కా
ఆ "ఆడవాళ్లు రోజుకి 20,000 మాటలు, మగవాళ్లు 7,000" లెక్కకి ఆధారం లేదు. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 396 మంది విద్యార్థులకి చిన్న రికార్డర్లు తగిలించారు. అవి మధ్యమధ్యలో వాటంతటవే కొన్ని సెకన్లు రికార్డు చేస్తాయి, ఎప్పుడు చేస్తున్నాయో పెట్టుకున్నవాళ్లకి తెలియదు. తేలిందేంటంటే ఆడవాళ్లు సుమారు 16,200, మగవాళ్లు సుమారు 15,700. ఆ తేడా లెక్కలోకి రానిది. మనిషికీ మనిషికీ మధ్య తేడా మాత్రం వేలల్లో ఉంది. అందరూ విద్యార్థులే కాబట్టి అన్ని వయసులకీ ఇదే లెక్క అని అనలేం, అది వేరే సంగతి.

చెవిలో_జోరీగ
మాటల్లో మాత్రం పక్షపాతం ఉంది. గయ్యాళి, గంపగయ్యాళి ఆడవాళ్లకే. మగవాడు అదే గొంతుతో అరిస్తే "గట్టిమనిషి", "నోరున్నవాడు".

పొంకనాల_పోరి
గట్టిగ చెప్పినవ్.

నిఘంటుపురుగు
నిజమే. ఇక్కడ ఇంకోటి గమనించండి. ఇప్పటిదాకా వచ్చిన మాటలన్నీ వినేవాడు తయారుచేసినవే. తల తినడం, బుర్ర తినడం, ప్రాణం తీయడం, చెవులు చిల్లులు పడటం, ఇవన్నీ వినేవాడి దెబ్బల చిట్టా. మాట్లాడేవాడి వైపు నుంచి పుట్టిన మాట కంఠశోష. "ఎంత చెప్పినా నా కంఠశోషే" అనేది మాస్టారి డైలాగు. రాయండి, పాత్ర నిలబడుతుంది.

డబ్బింగ్_డైలాగ్
ఇది బంగారం. రాసేసుకున్నా.

వాక్యం_విప్పితే
మాటలు వెతుకుతున్నారు కానీ, ఆ మాస్టారి సంభాషణ ఎలా రాస్తే ఆగనట్టు అనిపిస్తుందో చూడండి, బిరుదు అవసరమే ఉండదు. తెలుగులో క్రియ చివరికొస్తుంది. "వెళ్లాను", "చూశాను" అని సమాపక క్రియ పడ్డాకే ఎదుటివాడు నోరు తెరుస్తాడు. ఆ క్రియ పడకుండా చూసుకుంటే ఎవరూ అడ్డురాలేరు. ఇదిగో:

"నిన్న పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, తలుపు తీసి చూస్తే, గేటు బార్లా తెరిచి ఉంటే, ఎవరు తీశారా అని వెళ్లి వాచ్‌మన్‌ని అడిగితే, వాడేమో నాకు తెలీదంటుంటే, సరే పోనీలే అని వెనక్కి తిరిగేసరికి..."

ఇక్కడిదాకా మధ్యలో దూరడానికి సందు లేదు. "ఇ"తో క్త్వార్థకం, "తే"తో చేదర్థకం, "సరికి". ఈ మూడింటితో వాక్యాన్ని ఎంత దూరమైనా లాగొచ్చు. చివరికి "ఎవరూ లేరు" అని క్రియ పడిందనుకోండి, ఆరితేరినవాడు ఊపిరి తీసుకోడు. "లేరు" వెంటనే "అయితే" అతికించేస్తాడు. ఊపిరి మాత్రం "వెళ్లి", "లేచి" లాంటి అసమాపక క్రియల దగ్గర తీసుకుంటాడు, అక్కడ ఎవరూ అడ్డురారని వాడికి తెలుసు. డబ్బింగ్ ఆర్టిస్టుకి ఆ గుర్తులు పెట్టి ఇవ్వండి: శ్వాస క్త్వార్థకం తర్వాత, సమాపక క్రియ తర్వాత శ్వాస లేదు. నాలుగు వాక్యాలకే హాల్లో జనానికి ఊపిరాడదు.

లెక్క_పక్కా
దీనికి తోడు: ఒకరు ఆపాక రెండోవారు అందుకోవడానికి పట్టే సమయాన్ని 2009లో పది భాషల్లో కొలిచారు. సగటున సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు. అందరికన్నా తక్కువ జపనీస్‌లో, అది మనలాగే క్రియ చివరికొచ్చే భాష. ఆ పదింటిలో తెలుగు లేదు. అయినా మీరు చెప్పిన "అయితే" కిటుకు ఎందుకు పారుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది, ఎదుటివాడికి దొరికేదే ఆ కాస్త సందు.

మౌనమే_మేలు
ఇది నిజ జీవితంలో పనికొచ్చేలా చెప్పండి. అలాంటివాణ్ని ఆపడం ఎలా?

వాక్యం_విప్పితే
ముందు మీ "ఊ" చూసుకోండి. ఊ కొట్టడం అంటే కొనసాగించమని అనుమతి. "అవునా!", "అయ్యో, తర్వాత?" అన్నారంటే పెట్రోలు పోసినట్టే. మొదట ఊ ల సంఖ్య తగ్గించండి, ఒక్కసారిగా మానేస్తే "వింటున్నావా?" అని మళ్లీ మొదటికొస్తాడు. 

రెండోది ప్రశ్న. "ఎందుకు", "ఎలా" అడగొద్దు, నేపథ్యం తలుపు తెరుచుకుంటుంది. "ఇంతకీ దొరికిందా?", "చివరికి ఎంతకి ఇచ్చారు?" అని ముగింపు మీద గురిపెట్టండి. "ఇంతకీ" చాలా పదునైన మాట, మధ్యదంతా దాటించేస్తుంది. దాన్ని సమాపక క్రియ మీద, అతను "అయితే" అనేలోపు వేయాలి. ఆలస్యమైతే ఇద్దరి మాటా ఒకదాని మీద ఒకటి పడుతుంది, అలవాటున్నవాడు గొంతు పెంచి గెలుస్తాడు.

పేరుతో పిలవడం కూడా పారుతుంది. పేరు వినపడగానే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు.

ఊకొట్టేవాడు
నా హ్యాండిల్ మార్చుకోవాలేమో.

సైకియాట్రీ_సైడు
హాస్యం బాగుంది, ఒక్క సంగతి కలపాలి. మామూలుగా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి కొన్ని రోజులుగా ఆగకుండా, వేగంగా, ఆపబోయినా ఆగలేక మాట్లాడుతూ, నిద్ర బాగా తగ్గినా అలసట లేకుండా ఉంటే అది స్వభావం కాకపోవచ్చు. ఉన్మాద దశలో (మానియా) కనిపించే లక్షణం. డాక్టరుకి చూపించాలి.

ఇంకోటి దీనికన్నా అత్యవసరం. మాట ధారగా వస్తోంది, వాక్యాల లయ ఉంది, అర్థం మాత్రం లేదు, మనం చెప్పేది అతనికి ఎక్కట్లేదు. 1874లో కార్ల్ వెర్నికే వర్ణించిన స్థితి ఇది, మెదడులో ఎక్కువగా ఎడమవైపు వెనక భాగం దెబ్బతింటే వస్తుంది. హఠాత్తుగా మొదలైతే పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "ఏదో పిచ్చి వాగుడు వాగుతున్నాడు, పడుకుంటే సర్దుకుంటుంది" అని పడుకోబెట్టడమే అన్నిటికన్నా ప్రమాదం.

ఆయుర్వేదం_అక్క
ఇది పైన పిన్ చేయాల్సిన పోస్టు.

చెవిలో_జోరీగ
ఇ) పాత్ర మిగిలింది, చెప్పిందే చెప్పేవాడు.

గోదారి_గట్టు
సుత్తి! దానికి పుట్టిన మాటే కదండీ. 1982లో నాలుగు స్తంభాలాట వచ్చాక జనం నోళ్లలో నానింది. అందులో వేసిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ఇంటిపేరుకి బదులు సుత్తే స్థిరపడింది.

నిఘంటుపురుగు
సుత్తి అంటే బోరు కొట్టించే మాట, అందులో పునరుక్తి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కొత్త విషయంతో కూడా సుత్తి కొట్టొచ్చు.

వ్యాకరణం_వెంకట్
చెప్పిందే చెప్పడానికి అమరకోశంలో అనులాపం ఉంది, "అనులాపో ముహుర్భాషా". అర్థం లేనిది ప్రలాపం. రెండూ వేరు.

ఊకొట్టేవాడు
"ఆపరా నీ అనులాపం". ప్రేక్షకులు సంగీతం అనుకుంటారు.

సీమ_సందు
సొల్లు పెట్టొచ్చు కదా? సొల్లు కబుర్లు. నోట్లోంచి కారే సొల్లు నుంచే వచ్చింది.

పొంకనాల_పోరి
తమిళంల "సొల్లు" అంటే చెప్పు అని. అక్కడి నుంచి వచ్చింది గావచ్చు.

సీమ_సందు
మాకు తమిళనాడు పక్కనే, అయినా ఒప్పుకోను. "సొల్లు కార్చొద్దు" అని మాటకీ అంటాం, నోటికీ అంటాం. కారేది ఏదో తెలుస్తానే ఉంది.

నిఘంటుపురుగు
దీనికి వేరే దారం మొదలెట్టండి, ఇక్కడ తేలదు. ఇ) కి సామెత ఉంది: "పాడిందే పాడరా పాచిపళ్ల దాసరి".

చెవిలో_జోరీగ
ఆఫీసులో సహోద్యోగి అనడానికి ఇదే బాగుంది. బిరుదులా తగలదు, కోపమూ రాదు.

డబ్బింగ్_డైలాగ్
బాగుంది కానీ నోటికి కూర్చోదు. అందులో "ప" నాలుగుసార్లు ఉంది: పాడిందే, పాడరా, పాచి, పళ్ల. మూలంలో ఆ డైలాగు చోట పెదాలు మూసుకునేది ఒక్కసారే, అదీ చివర్లో.

అనుకరణ_శబ్దం
షాటు ఏంటి? మొహం నిండా ఉందా?

డబ్బింగ్_డైలాగ్
మొదటి సగం క్లోజప్. తర్వాత కెమెరా విసుక్కుంటున్న అమ్మాయి మీదకి వెళ్తుంది, మాట మాత్రం వెనక నుంచి వినిపిస్తుంది.

అనుకరణ_శబ్దం
అయితే క్లోజప్ సగానికి "ఇదిగో, తయారయ్యాడు" పెట్టండి. ఎనిమిది అక్షరాలు, పెదాలు మూసుకునే అక్షరం ఒక్కటీ లేదు. కెమెరా అమ్మాయి మీదకి తిరిగాక సామెత మొత్తం వేసేయండి, అక్కడ ఎన్ని "ప"లున్నా పట్టేవాడు లేడు.